దవడ ఎముక జరిపితే పెదవి, ముక్కు, గడ్డం ఎంతవరకు కదులుతాయి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: వయసు 23. పెదాలు సడలించి ఉంచితే పై ముందుపళ్లు 8 మి.మీ. కనిపిస్తున్నాయి, నవ్వితే చిగుళ్లు బాగా బయటపడుతున్నాయి, గడ్డం వెనక్కి ఉంది. పైదవడని 5 మి.మీ. పైకి, 2 మి.మీ. ముందుకి జరిపి, కిందిదవడని 5 మి.మీ. ముందుకి తెచ్చి, గడ్డం ఎముకని విడిగా ఇంకో 4 మి.మీ. ముందుకి పెడతామన్నారు. కంప్యూటర్లో చూపించిన మొహమే వస్తుందా, ముక్కు వెడల్పవుతుందని విన్నది నిజమేనా అని మీ సందేహం.

ఎముక వరకు ఆ అంకెల్ని నమ్మొచ్చు. కోసి, జరిపి, టైటానియం ప్లేట్లతో బిగిస్తారు కాబట్టి అది అనుకున్న చోటికి ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాతో చేరుతుంది. పైనున్న కండ, కొవ్వు, చర్మం మాత్రం ఎముక ఎంత కదిలితే అంతా కదలవు. ఎముకకి ఎక్కడ గట్టిగా అతుక్కుని ఉన్నాయి, ఎంత మందంగా ఉన్నాయి, చివర్లో కోత మూసేటప్పుడు కుట్లు ఎలా పడ్డాయి అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. మొదటి రెండూ మీతో పుట్టినవి. మూడోది సర్జన్ చేతిలోది. గంటల తరబడి సాగే ఆపరేషన్లో ఆఖరి ఇరవై నిమిషాలు పై పెదవి, ముక్కు ఎలా ఉండబోతున్నాయో చాలావరకు తేల్చేస్తాయి. పేషెంట్లు ఎక్కువగా అడగనిదీ ఆ ఇరవై నిమిషాల గురించే.

లెక్క తేలిగ్గా కుదిరేది గడ్డం దగ్గర. అక్కడి చర్మం, కింద కండ ఎముకని గట్టిగా పట్టుకుని ఉంటాయి. అందుకని కిందిదవడ మొత్తంగా 5 మి.మీ. ముందుకొస్తే గడ్డం చర్మం కూడా దాదాపు అంతే వస్తుంది. గడ్డం ఎముకని విడిగా కోసి ముందుకి జరిపినప్పుడు కాస్త తగ్గి, 80 నుంచి 90 శాతం వస్తుంది. అంటే ఆ 4 మి.మీ.లో మీకు బయట కనిపించేది మూడున్నర అనుకోండి. దీనికి తోడు ఇంకొకటుంది. పైదవడ పైకి వెళ్లగానే కిందిదవడ చెవి ముందున్న కీలు మీద తిరిగి, తనంతట తాను పైకీ ముందుకీ వస్తుంది. దానివల్లే గడ్డం కొంత ముందుకొచ్చేస్తుంది. మీకు చెప్పిన 5 మి.మీ. ఈ తిరుగుడుతో కలిపా, అది పోగా అదనంగానా అన్నది తప్పకుండా అడగండి. రెండింటికీ మొహంలో బాగా తేడా ఉంటుంది. తిరుగుడుతోనే సరిపడా వస్తే గడ్డానికి విడిగా కోత అక్కర్లేని సందర్భాలూ ఉంటాయి.

కింది పెదవికి శాతాలు చెప్పడం కష్టం. ముందుపళ్లు ముందుకి జరిగిన దాంట్లో 60 నుంచి 75 శాతం పెదవి వస్తుందని సాధారణంగా లెక్కేస్తారు. మీలాంటి దవడల్లో కింది పెదవి పై ముందుపళ్ల వెనక ఇరుక్కుని, బయటికి మడత పడి ఉంటుంది. కింద లోతైన గాడి కనిపిస్తుంది. దవడ ముందుకి రాగానే ఆ మడత విప్పుకుంటుంది. పెదవి ముందుకి రావడం కన్నా నిలువుగా సాగి చదునవడం ఎక్కువగా కనిపిస్తుంది, గాడి లోతు తగ్గుతుంది. ఇప్పుడు పెదాలు మూయడానికి గడ్డం కండని బిగబట్టాలి కదా, అప్పుడు గడ్డం మీద బత్తాయి తొక్కలా సన్నటి గుంటలు పడుతుంటాయి. పెదాలు శ్రమ లేకుండా కలిస్తే అవి పోతాయి. మొహంలో "ఏదో ప్రశాంతంగా ఉంది" అని చుట్టాలు అనేది చాలాసార్లు ఈ మార్పు చూసే, వాళ్లకి ఫలానా అని తెలియకపోయినా.

ఇక పై పెదవి. మీ కేసులో ముఖ్యమైన అంకె ఇదే. ఎముక 5 మి.మీ. పైకి వెళ్తే పెదవి అక్కడే ఆగదు, 20 నుంచి 40 శాతం తనూ పైకి వెళ్తుంది. 8లోంచి 5 తీసేస్తే 3 మి.మీ. పన్ను కనిపించాలి. పెదవి కూడా ఒక మిల్లీమీటరో, రెండో పొట్టిదవుతుంది కనుక నిజానికి 4 నుంచి 5 మి.మీ. కనిపిస్తుంది. ఆడవాళ్లకి అది చక్కటి కొలత. ఈ లెక్క వదిలేసి, నవ్వినప్పుడు చిగురు అసలు కనపడకూడదని ఇంకో రెండు మూడు మిల్లీమీటర్లు పైకి లేపితే, పెదవి సడలించినప్పుడు పళ్లు మాయమవుతాయి. మొహం పదిహేనేళ్లు పెద్దదిగా, పళ్లు లేనివాళ్ల మొహంలా కనిపిస్తుంది. వయసుతో పై పెదవి ఎలాగూ కిందికి జారుతుంది, పళ్లు కనిపించడం తగ్గుతుంది. అందుకే ప్లాన్ ఎప్పుడూ పెదవి సడలించిన స్థితిలో కొలిచి వేయాలి. నవ్వులో కొలిచి వేయకూడదు. నవ్వినప్పుడు పెదవి మామూలుకన్నా ఎక్కువగా లేచే మనుషులుంటారు. వాళ్లకి చిగురు కనిపించడానికి కారణం ఎముక ఒక్కటే కాదు, పెదవిని లేపే కండ కూడా. ఎంత ఎముక తీసినా ఆ భాగం పోదు.

పెదవి మందం సంగతి. సన్నటి పెదవి ఎముక ఎక్కడికెళ్తే అక్కడికి వెళ్తుంది. 17-18 మి.మీ. మందమున్న పెదవి చిన్న కదలికల్ని మింగేస్తుంది, 2 మి.మీ. ముందుకి జరిపితే బయట ఏమీ తెలియకపోవచ్చు. పెదవిచీలికకి చిన్నప్పుడు ఆపరేషన్ అయినవాళ్లలో మచ్చ బిగుసుకుని ఉంటుంది కాబట్టి ఈ శాతాలేవీ అక్కడ పనిచేయవు.

ముక్కు గురించి మీరు విన్నది నిజమే, కారణం తెలిస్తే భయం తగ్గుతుంది. పైదవడకి చేసేది లే ఫోర్ట్ 1 కోత. 1901లో ఫ్రెంచి సర్జన్ రెనే లే ఫోర్ట్ మొహం ఎముకలు ఏ గీతల వెంట విరుగుతాయో వర్ణించాడు, ఆ పేరే నిలిచింది. పై పెదవి లోపల, చిగురుకి కాస్త పైన, ఒక పక్క దవడ పళ్ల దగ్గర్నుంచి ఇంకో పక్క దాకా కోసి, ఎముక మీది పొరని లేపుతారు. ఆ పొరతోపాటు ముక్కుపుటాల మొదట్లో పట్టుకుని ఉన్న కండలు, పై పెదవి కండలు ఎముక నుంచి ఊడిపోతాయి. ఊడిన కండ పక్కకి, పైకి ముడుచుకుంటుంది. ముక్కుపుటాల్ని బయటికి లాగుతుంది, పెదవి ఎర్రటి భాగాన్ని లోపలికి దొర్లించి పల్చబరుస్తుంది. పైగా కిందున్న ఎముక కూడా పైకి, ముందుకి వచ్చి నెడుతోంది. ఏమీ చేయకుండా కోత మూసేస్తే ముక్కు అడుగు వెడల్పు 2 నుంచి 4 మి.మీ. పెరగడం సాధారణం. మనవాళ్లలో ముక్కు అడుగు ముందే కొంచెం వెడల్పుగా ఉండేవాళ్లు చాలామంది కనుక ఆ కొద్దిపాటి తేడా కూడా కంటికి ఆనుతుంది.

దీన్ని అడ్డుకునే కుట్టుని ఏలార్ సించ్ అంటారు. మత్తు ఇచ్చి ముక్కులోంచి గొట్టం దించకముందే క్యాలిపర్‌తో ముక్కు అడుగు వెడల్పు కొలిచి రాసుకోవాలి. గొట్టం పడ్డాక ముక్కు వంకరపోతుంది, ఆ తర్వాత కొలిచినా కంటితో చూసినా తప్పే. ప్లేట్లు బిగించాక, బయటినుంచి ముక్కుపుటం మొదలు మీద వేలితో నొక్కి, లోపలి కోతలోంచి ఆ బిందువు దగ్గరున్న గట్టి కణజాలాన్ని ఫోర్సెప్స్‌తో పట్టుకుంటారు. సరైన చోట పట్టుకున్నారో లేదో లాగి చూస్తే తెలుస్తుంది. లాగితే ముక్కుపుటం మధ్యకి కదలాలి. చెంప కదిలితే పట్టుకున్నది వేరే చోట. నెమ్మదిగా కరిగే, 2-0 లేదా 3-0 మందమున్న దారంతో రెండు పక్కలా కుట్టు వేసి, మధ్యకి లాగి, ముందు రాసుకున్న కొలతకి ఒకటి రెండు మి.మీ. తక్కువకి బిగిస్తారు. ఎందుకంటే వాపు తగ్గేకొద్దీ అది కొంచెం సడలుతుంది. కొందరు ముక్కు అడుగున మధ్యలో ఉండే ఎముక ముల్లుకి రంధ్రం చేసి దానికి కడతారు. మధ్యలో ఆధారం దొరుకుతుంది కనుక రెండు పక్కలా సమంగా నిలిచే అవకాశం ఎక్కువ.

తేడాలు వచ్చేది ఇక్కడే. కుట్టు పైపైన కొవ్వులో పడితే కొన్ని వారాల్లో తెగి జారి ముక్కు వెడల్పు తిరిగొస్తుంది. మరీ బిగిస్తే ముక్కు కింద పెదవి మొదలు ముద్దలా ముందుకి పొడుచుకొస్తుంది. ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క దిగువగా పట్టుకుంటే నాసికారంధ్రాలు రెండూ రెండు ఆకారాల్లో కనిపిస్తాయి. సించ్ వేశారంటే వెడల్పు అసలు పెరగదని కూడా అనుకోవద్దు, పెరిగేది తగ్గుతుందంతే.

తర్వాత పెదవి మూత. కోతని ఒకే గీతగా కుట్టేస్తే పై పెదవి పల్చబడి లోపలికి పోతుంది. అందుకని నట్టనడుమ చిన్న కొక్కెంతో పెదవి లోపొరని ముందుకి లాగి, సుమారు ఒక సెంటీమీటరు నిలువుగా కుట్టి, మిగతాది అటూ ఇటూ మూస్తారు. ఆకారాన్ని బట్టి దీన్ని వి-వై మూత అంటారు. పక్కల కుట్లు వేసేటప్పుడు కూడా పెదవి వైపు పొరని ప్రతి కుట్టుకీ కొంచెం మధ్యకి తోస్తూ రావాలి. ఇలా మూస్తే పైదవడ ముందుకొచ్చిన దాంట్లో పెదవి 80 శాతం దాకా వస్తుంది. ఇది లేకపోతే సగం చుట్టుపక్కల ఆగిపోతుంది. నిలువు కుట్టు మరీ పొడవైతే పెదవి నడుమ పక్షి ముక్కులా పొడుచుకొచ్చి కొన్ని నెలలు అలాగే ఉంటుంది. ముందే మందపాటి పెదవులున్నవాళ్లకి వి-వై మూత అవసరం లేదు.

ముక్కు కొన సంగతి వేరు. పైదవడ పైకి, ముందుకి వెళ్తే కొన కొద్దిగా పైకి లేస్తుంది. ముక్కు కొంచెం వాలి ఉన్నవాళ్లకి ఇది మేలు చేస్తుంది, ముందే ఎత్తిపెట్టినట్టున్న ముక్కుకి చెడుపు. రెండో రకంలో ఇందాక చెప్పిన ఎముక ముల్లుని కోసేసి, ముక్కు రంధ్రం ఎముక అంచుని కూడా బర్‌తో అరగదీస్తారు. పైకి లేపే కేసుల్లో ఇంకో తప్పనిసరి పని ముక్కు మధ్య గోడ. పైదవడ 5 మి.మీ. పైకి వస్తోందంటే ఆ గోడ అడుగుని అంతకన్నా కాస్త ఎక్కువే తీయాలి, లేదా కింద ఎముకలో దానికి గాడి చేయాలి. చాలకపోతే గోడ ఒంగుతుంది, ముక్కు పక్కకి తిరుగుతుంది, ఒక పక్క ఊపిరి ఆడదు. గోడ సరిగ్గా తీసినా, ముక్కులోంచి గొట్టం బయటికి లాగేటప్పుడు పక్కకి జరిగే ప్రమాదం ఉంది. కాబట్టి మర్నాడు వాపులో కూడా ముక్కు మధ్యగా ఉందో లేదో చూడమని అడగండి. వెంటనే గమనిస్తే సరిచేయడం తేలిక, ఆరు నెలలాగితే ఇంకో ఆపరేషన్.

కోత దవడ పళ్ల దగ్గరే ఎందుకు ఆగిపోతుందంటే, కోసి వేరుచేసిన పైదవడని బతికించేది దాని మీద మిగిలిన మెత్తటి కణజాలమే. 1970ల ప్రాంతంలో అమెరికన్ సర్జన్ విలియం బెల్ కోతుల మీద చేసిన పరిశోధనలు అంగిలి వైపు, బుగ్గ వైపు మిగిల్చిన కండ, పొర ద్వారా రక్తం సరిపోతుందని చూపించాయి. అప్పటినుంచే ఈ ఆపరేషన్ ధైర్యంగా చేయగలుగుతున్నారు. పొగతాగేవాళ్లని కొన్ని వారాల ముందే మానేయమనేది ఊరికే కాదు. ఆ రక్తనాళాలు ముడుచుకుంటే చిగురు, ఒక్కోసారి ఎముక ముక్కే చచ్చిపోతుంది.

గడ్డం కోతకీ ఒక జాగ్రత్త ఉంది. కింది పెదవి లోపల, పెదవి వైపే కోసి, ఎముక మీద గడ్డం కండ కొంత మిగల్చాలి. చివర్లో ఆ మిగిలిన కండకి పై కండని మళ్లీ పట్టి కుట్టాలి: ముందు కండ, ఆ తర్వాత పొర, విడివిడిగా. పొర ఒక్కటే కుట్టి వదిలేస్తే గడ్డం మెత్తటి భాగం ఎముక మీంచి కిందికి జారుతుంది, కింది పెదవి దానితో దిగుతుంది, నోరు మూసినా కింది పళ్లు కనిపిస్తుంటాయి. ఎక్స్‌రేలో ఎముక చక్కగా ఉంటుంది, మొహం మాత్రం బాగోదు. తర్వాత సరిచేయడం కష్టమైన తప్పుల్లో ఇదొకటి. ఆపరేషన్ తర్వాత గడ్డం మీద నాలుగైదు రోజులు పట్టీలు అంటించేది కండ ఎముకని మళ్లీ పట్టుకోడానికే. దురదగా ఉందని మీరే పీకేయకండి.

మెడ మీకు లాభమే. కిందిదవడ ముందుకొస్తే గడ్డం కింద చర్మం బిగుస్తుంది, మెడ గీత స్పష్టమవుతుంది. కిందిదవడ పొడుగ్గా ఉండి వెనక్కి జరిపేవాళ్లకి ఇది తిరగబడుతుంది. చర్మం పోగుపడి రెండో గడ్డం వస్తుంది, నాలుక వెనక శ్వాసమార్గం కూడా ఇరుకవుతుంది. అందుకే ఇప్పుడు కిందిదవడ ఒక్కదాన్నే బాగా వెనక్కి నెట్టడం తగ్గి, పైదవడ కొంత ముందుకి, కిందిది కొంత వెనక్కి పంచుతున్నారు.

మీ కేసు కాదుగానీ చదివేవాళ్ల కోసం ఒక హెచ్చరిక. మన దగ్గర ఎత్తుపళ్లకని పళ్లు తీసి, పైదవడ ముందు ముక్కని 5-6 మి.మీ. వెనక్కి జరిపే ఆపరేషన్ బాగా అడుగుతారు. పెదవి అందులో సుమారు మూడింట రెండొంతులు వెనక్కి పోతుంది, ముక్కుకీ పెదవికీ మధ్య కోణం విచ్చుకుంటుంది. ఆ కోణం ముందే 110 డిగ్రీలు దాటి ఉంటే ఈ ఆపరేషన్‌కి ఒప్పుకోవద్దు. ముక్కు పెద్దదిగా, మొహం మధ్యలో గుంటపడినట్టుగా మారుతుంది. పాశ్చాత్యుల మొహాలకి రాసిన కొలతలతో మన పెదాలు "ఎక్కువ ముందుకున్నాయి" అని లెక్క తేల్చడం కూడా సరికాదు. మన మొహాలకి కాస్త నిండు పెదవే అందం.

కంప్యూటర్ బొమ్మ ఎంత నమ్మొచ్చు? పక్కనుంచి చూసే గడ్డం వరకు 2 మి.మీ. లోపు తేడాతో సరిపోతుంది. పెదాల దగ్గర, ముఖ్యంగా కింది పెదవి దగ్గర, గురి తప్పుతుంది. ముక్కు వెడల్పు, నవ్వు పక్కనుంచి గీసే ఆ బొమ్మలో ఉండనే ఉండవు. ఇంకో మెలిక: సెఫలోగ్రామ్ (తలని పక్కనుంచి తీసే ఎక్స్‌రే) తీసినప్పుడు "నోరు మూయండి" అంటే మీరు బిగబట్టి మూసి ఉంటారు. అప్పుడు పై పెదవి సాగి పల్చగా, గడ్డం కండ ముద్దగా పడుతుంది. ఆ ఎక్స్‌రే మీద గీసిన బొమ్మ మొదట్లోనే తప్పు. పెదాలు వదులుగా, పళ్లు తేలిగ్గా తాకుతూ, ఎదురుగా అద్దంలోకి చూస్తూ తీసిందేనా అని అడగండి. కాకపోతే మళ్లీ తీయించుకోండి.

కొత్త మొహం అద్దంలో ఎప్పుడు చూసుకోవాలి? వాపు రెండో మూడో రోజుకి తారస్థాయికి వెళ్తుంది. మొదటి రెండు రోజులు ఐసు, తల ఎత్తుగా పెట్టి పడుకోవడం, డాక్టర్లిచ్చే డెక్సామెథసోన్ దాన్ని కొంత ఆపుతాయి. కమిలిన రంగు పసుపు పచ్చగా మెడ మీదికి, ఛాతీ మీదికి దిగుతుంది, కంగారు పడొద్దు. మూడు నాలుగు వారాలకి వాపు సగానికి పైగా పోతుంది, మూడు నెలలకి చాలావరకు. పై పెదవి, ముక్కు అడుగు ఆఖర్న దిగుతాయి, ఆరు నెలల నుంచి ఏడాది. మొదటి నెలలో ముక్కు పందిముక్కులా ఉందని ఏడ్చినవాళ్లు మూడో నెలలో ఆ ఊసే ఎత్తరు. ఇంకో సంగతి, నాలుగైదు వారాలు జావ, పలచటి పప్పు, మజ్జిగ, పళ్లరసాలతో మూడు నాలుగు కిలోలు తగ్గుతారు. నమలకపోవడంతో దవడ కండ కూడా తగ్గుతుంది. అప్పటి సన్నటి మొహం ఆపరేషన్ ఫలితం అనుకుని మురిసిపోవద్దు, తిండి మొదలెట్టాక కొంత నిండుతుంది.

తిమ్మిరి గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. కింది పెదవి, గడ్డం ఆపరేషన్ తర్వాత దాదాపు అందరికీ మొద్దుబారతాయి. కిందిదవడని నిలువుగా చీల్చే చోటే వాటికి స్పర్శనిచ్చే నరం ఎముకలోంచి వెళ్తుంది. చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు అనిపించడం మొదలైతే నరం కోలుకుంటోందని అర్థం. ఎక్కువమందికి ఏడాదిలోపు చాలావరకు స్పర్శ తిరిగొస్తుంది, కొందరికి గడ్డం మీద చిన్న మేర అలాగే ఉండిపోతుంది. పెదవి కదలదనిపిస్తుంది గానీ కదులుతూనే ఉంటుంది, మీకు తెలియదంతే. ఆ రోజుల్లో కాఫీ వేడి పెదవితో కాకుండా వేలితో చూసుకుని తాగండి. కుట్లు మానాక, మూడో వారం నుంచి, అద్దం ముందు నెమ్మదిగా నవ్వడం, పెదాలు ముడవడం, ఊదడం రోజుకి నాలుగైదు సార్లు చేస్తే పై పెదవి బిగుసు తొందరగా వదులుతుంది.

ఆపరేషన్ ముందు ఫోటోలు మీరే ఒక సెట్టు తీసి పెట్టుకోండి: ఎదురుగా పెదాలు వదిలి, ఎదురుగా నవ్వుతూ, రెండు పక్కల నుంచి, తల వెనక్కి వాల్చి ముక్కు అడుగు కనిపించేలా. ఆ ఆఖరిది లేకపోతే తర్వాత ముక్కు ఎంత మారిందో ఎవరూ తేల్చలేరు. ఏడాది అయ్యాక కూడా ముక్కు వెడల్పు మిమ్మల్ని బాధపెడుతుంటే ముక్కుపుటాల మొదళ్ల దగ్గర చిన్న ముక్క తీసి తగ్గించొచ్చు. వాపు పూర్తిగా దిగి, క్లిప్పులు తీసేదాకా ఆ నిర్ణయం మాత్రం తీసుకోకండి.